మైకు మాస్టారి వట్టి మాట

పిండిమర మూతపడ్డాక ఖాళీగా మిగిలిన పెద్ద గోదాములో ఆదివారం మధ్యాహ్నాలు ముష్టియుద్ధ పోటీలు జరిగేవి. ఆ పోటీలకు మైకులో వ్యాఖ్యానం చెప్పే ఆయన్ని అందరూ మైకు మాస్టారు అనేవాళ్ళు. మాస్టారనడం ఊరికే కాదు. అంతకుముందు ఆయన నిజంగానే పాఠాలు చెప్పేవాడు. ట్యుటోరియల్లో పిల్లలకు అలంకారాలూ ఛందస్సూ చెప్పి, సాయంత్రానికి సుద్దపొడి అంటిన చొక్కాతో ఇంటికెళ్ళేవాడు. ఒక ఏడాది పరీక్ష పేపర్లోంచి అలంకారాల ప్రశ్న ఎత్తేశారు. దాంతోపాటే ట్యుటోరియల్ యజమాని ఈయన్నీ ఎత్తేశాడు. "మార్కులు రాని ముక్క ఎవడు చదువుతాడు మాస్టారూ?" అన్నాట్ట. ఆ సంగతి ఆయన నాకు చాలాసార్లు చెప్పాడు. ప్రతిసారీ నవ్వుతూనే చెప్పాడు. ప్రతిసారీ నాకు మాత్రం ఆ యజమాని పళ్ళు రాలగొట్టాలనిపించేది.

నేను అక్కడ బోర్డులు రాసేవాణ్ణి. ఏ రౌండు నడుస్తోందో చూపించే అంకెల పలకలు, ఎవరితో ఎవరు తలపడుతున్నారో చెప్పే గుడ్డ బ్యానర్లు, అన్నీ నా చేతిరాతే. వెనక గోడకు చెక్కలతో కట్టిన అటక మీద మాస్టారూ నేనూ కూర్చునేవాళ్ళం. నిచ్చెన వేస్తేగాని దాన్ని ఎక్కలేం, దిగలేం. అటకకూ రింగుకూ మధ్య గోదాము నిండా జనం. మైకు లేకుండా మేం గొంతు చించుకున్నా రింగు దాకా వినపడదు.

ఆయన్ని అక్కడికి తెచ్చింది బావమరిది. మాస్టారి భార్యకు వెనకా ముందూ ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. ఇళ్ళకు సున్నాలు వేసేవాడు. పొద్దస్తమానం బ్రష్షు ఆడించి ఆడించి భుజాలు దిట్టంగా తయారయ్యాయి. ఎవరో ఎగదోస్తే రింగులోకి దిగాడు. మొదటి పోటీ చూడ్డానికి బావగారు వచ్చాడు. అప్పటి వ్యాఖ్యాత ఒకడుండేవాడు, రైలు ఆలస్యంగా వస్తోందని చెప్పే గొంతుతో "ఎడమ చేత్తో కొట్టాడు, కుడి చేత్తో కొట్టాడు" అంటూ ఆవలించేవాడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. చరచరా నిచ్చెనెక్కి వాడి చేతిలో మైకు లాక్కుని, "అది దెబ్బ కాదయ్యా! కొండ! పెళ్ళగించుకొచ్చిన కొండ విరుచుకుపడుతోంది!" అని అరిచాడు. జనం వెర్రెత్తిపోయారు. గోలను బట్టి తప్ప దేన్నీ విలువ కట్టడం రాని మా పోటీల ప్రొప్రయిటరు ఆ పూటే ఆయన్ని పనిలో పెట్టుకున్నాడు. ఉన్నదాన్ని కాదని ఇంకొకటి అనడాన్ని అపహ్నవం అంటారని తర్వాత ఆయన నాకు చెప్పాడు.

అటక మీద నాకు అలాంటి పాఠాలు చాలా అయ్యాయి. రౌండుకూ రౌండుకూ మధ్య టీ తాగుతూ చెప్పేవాడు. "ఉపమలో 'లాంటి' అని ఒక మాట ఉంటుంది చూశావా, అది గుమ్మం. అటు కొండ, ఇటు మనిషి. ఎవరి మానాన వాళ్ళుంటారు. రూపకంలో ఆ గుమ్మం మూసేస్తాం. మనిషే కొండ." మొదట్లో ఆయన 'లాంటి' వాడేవాడు. జనానికి ఆ కాస్త ఎడం కూడా నచ్చలేదు. అందుకని రూపకాల్లోకి దిగాడు. ఆడేవాళ్ళకు ఆయన పెట్టిన పేర్లే నేను బ్యానర్ల మీద రాసేవాణ్ణి. బావమరిది 'కొండ'. ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు మోసే ఒకడు 'పిడుగు'. ఇంకా గునపం, రోడ్డు రోలరు, అలా. సున్నాలు వేసుకునే కుర్రాణ్ణి చావగొడుతుంటే ఎవడో ఒకడు అయ్యో అంటాడు. కొండను కొడుతుంటే ఎవడంటాడు? ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఎర్ర రంగులో అక్షరాలు మరింత లావుగా రాయడం మీదే ఉండేది నా ధ్యాసంతా.

తర్వాత అతిశయోక్తి వచ్చింది. ముక్కులోంచి చుక్క కారితే "నెత్తురు ఏరులై పారుతోంది!" అనేవాడు. ఎవడైనా మోకాలి మీదికి వంగితే "అయిపోయాడు! ప్రాణం పోయింది! పోయింది... అదుగో, మళ్ళీ వచ్చింది!" అనేవాడు. "ఒట్టు, ఇది అలంకారం కాదు, నా కళ్ళతో చూస్తున్నాను!" అని కూడా అనేవాడు, జనం ఇంకా ఊగిపోతారని. ఊగిపోయేవాళ్ళు. బెంచీలు విరిగేవి. చూడ్డానికొచ్చిన వాళ్ళలో వాళ్ళే కాలర్లు పట్టుకుని మొహాలు పగలగొట్టుకునేవాళ్ళు. పోటీ అయ్యాక నేల కడిగితే రింగు లోపలకంటే బయటే ఎక్కువ నెత్తురుండేది. అయినా మళ్ళీ ఆదివారం రంగుల డబ్బా పట్టుకుని వెళ్ళేవాణ్ణి.

ఇంట్లో ఆయన భార్యకు ఈ తంతంతా పడేది కాదు. ఆవిడ బట్టల దుకాణంలో లెక్కలు చూసేది. మనిషి ముక్కుసూటి. "ఒక్క రోజన్నా ఉన్నది ఉన్నట్టు చెప్పరూ?" అని మొగుణ్ణి సతాయించేది. ఆవిణ్ణి ఉడికించడానికి బావా బావమరుదులు ఒక ఆట కనిపెట్టారు. పోటీ అయ్యాక మాస్టారు ఒక్కడే మేడమెట్లెక్కి గుమ్మంలో నిలబడి, "అయ్యో, మీ తమ్ముణ్ణి చంపేశారే! కొండ కూలిపోయిందే!" అని గుండెలు బాదుకునేవాడు. ఆవిడ గరిటె పుచ్చుకుని బయటికి వచ్చేది. అప్పుడు మెట్లకింద సైకిలు చాటున దాక్కున్న తమ్ముడు, వాచిన మూతితో ఇకిలిస్తూ, "అక్కా, చచ్చినవాడికి ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అని పైకొచ్చేవాడు. నేను రెండు మూడుసార్లు చూశాను. మొదటిసారి ఆవిడ నిజంగా హడలిపోయింది. తర్వాత్తర్వాత గరిటె కూడా తీసేది కాదు. వంటింట్లోంచే, "సరేలెండి, ఆ శవాన్ని కాళ్ళు కడుక్కుని రమ్మనండి" అనేది.

ఇక తువ్వాలు సంగతి. తమవాడు ఇక నిలవలేడనుకుంటే మూలన కూర్చున్న మనిషి రింగులోకి తువ్వాలు విసరాలి. అప్పుడే పోటీ ఆగేది. తువ్వాలు పడితే తప్ప, నిలబడి ఉన్నవాడి మీద దెబ్బ ఆపొద్దని రిఫరీకి ప్రొప్రయిటరు గట్టిగా చెప్పి ఉంచాడు. బావమరిది మూలన కూర్చునేది తువ్వాలు తాత. ఒకప్పుడు తనూ ఆడినవాడే. ముక్కు ఎముక ఎప్పుడో పచ్చడైంది, ఇప్పుడు కళ్ళకు పొరలు. రింగులో ఇద్దరు కదులుతున్నారని తెలుస్తుందిగాని ఎవరు కొడుతున్నారో ఎవరు తింటున్నారో ఆయనకు అంతుబట్టదు. మైకు విని తెలుసుకునేవాడు. ఇంకొకర్ని పెట్టుకోరా అంటే బావమరిది వినలేదు. గుద్దడం నేర్పింది తాతేనట, ఆయన్ని ఇంటికి పంపేస్తే మర్యాదా అన్నాడు.

ఒక ఆదివారం బావమరిది అవతలివాణ్ణి తాళ్ళకు ఆనించి కుళ్ళబొడుస్తుంటే మాస్టారు ఊపులో, "అయిపోయింది! కొండ బద్దలైంది! లావా పొంగుతోంది!" అన్నాడు. బద్దలైందని వినగానే తాత గాభరాపడి తువ్వాలు విసిరేశాడు. గెలిచే పోటీ పోయింది. జనం చెప్పులు విసిరారు. ఆ రోజు బావమరిది అవమానంతో ఏడ్చినంత పని చేశాడు. అటక కింద నిలబడి తాతతో ఏమన్నాడో నా చెవులారా విన్నాను.

"తాతా, మా బావ మైకులో ఏం వాగినా నువ్వు పట్టించుకోకు. చచ్చాడన్నా కదలొద్దు. ఆయన అలంకారాలేవీ లేకుండా వట్టి మాట మాట్లాడితేనే తువ్వాలు వెయ్యి."

"అది వట్టి మాటో కాదో నాకెలా తెలుస్తుందిరా?" అన్నాడు తాత.

"వింటే నీకే తెలుస్తుందిలే."

పైనుంచి మాస్టారు పడీపడీ నవ్వాడు. "వట్టి మాట కూడా అలంకారమేరా. స్వభావోక్తి అంటారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం. పిల్లలకు చివర్లో చెప్పేవాణ్ణి, ఎవడికీ వచ్చేది కాదు" అన్నాడు. అందరం నవ్వాం. ఒప్పందం అయిపోయింది.

ఐసు ఫ్యాక్టరీవాడితో పోటీ పెట్టినప్పుడు అక్క వద్దంది. వాడు అంతకుముందు ఒకడి దవడ విరిచాడు, ఇంకొకడికి చూపు పోగొట్టాడు. తమ్ముడు వింటేనా? చివరికి ఆవిడ మొగుడితో, "వాడు మీ మాటే వింటాడు. గెలవక్కర్లేదు. వాణ్ణి నడిపించుకుని ఇంటికి తీసుకురండి, అంతే" అంది. నేను బ్యానరు మీద ఏం రాయాలో అడగడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. మాస్టారు "నా కంటిపాపలో పెట్టుకుని తెస్తానే" అన్నాడు. ఆవిడ విసుక్కుని, "కంటిపాపలో వద్దు, కాళ్ళమీద తీసుకురండి" అంది.

పోటీ మొదట బాగానే నడిచింది. బావమరిది మంచి గుద్దులే వేశాడు. తర్వాత ఐసువాడు వంగినట్టే వంగి, పైకి లేస్తూ తలతో కుర్రాడి కనుబొమ మీద కొట్టాడు. చర్మం చీలి రెప్ప మీదికి జారింది. నెత్తురు కంట్లో పడి కుర్రాడు ఆ పక్క చూడలేకపోయాడు. ఐసువాడికి అది చాలు. చూపులేని పక్కనుంచి, చెవి వెనక, ఒకే చోట, గడ్డను గునపంతో పగలగొట్టినట్టు కొట్టడం మొదలెట్టాడు. ఒక్కో దెబ్బకూ కుర్రాడి మెడ పక్కకు ఒరిగి మళ్ళీ నిలబడేది. నోట్లో పెట్టుకున్న రబ్బరు ముక్క ఊడిపోయింది. దానితోపాటు పన్ను కూడా. వెనక్కి వెళ్ళి వెళ్ళి తాళ్ళకు కొట్టుకున్నాడు. ఎడమ మోచెయ్యి రెండు తాళ్ళ మధ్య మెలిపడి ఇరుక్కుపోయింది. ఇక వాడు పడటానికి కూడా లేకపోయింది.

అప్పటిదాకా మాస్టారు తన ధోరణిలో తను ఉన్నాడు. "పిడుగు మీద పిడుగు! కొండ చరియలు విరిగిపడుతున్నాయి!" అంటున్నాడు. హఠాత్తుగా నా భుజం పట్టుకున్నాడు. "వాడి చెయ్యి చూడు" అన్నాడు. చూశాను. తాడులో ఇరుక్కున్న చేతివేళ్ళు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. చెవిలోంచి సన్నగా నెత్తురు మెడమీదికి దిగుతోంది.

"ఆపండి!" అని మాస్టారు మైకులో అరిచాడు. "చచ్చిపోతున్నాడు! ఆపండి!"

గోదాము దద్దరిల్లిపోయింది. జనం లేచి బెంచీలెక్కారు. "చంపెయ్! చంపెయ్!" అని చప్పట్లతో తాళం వేశారు.

"ఒరేయ్, నిజంరా! ఇది అలంకారం కాదు! ప్రాణం పోతోంది!"

ఈలలు. ఎవడో టోపీ ఎగరేశాడు. పోయిన వారం కూడా ఆయన అచ్చంగా ఇవే మాటలన్నాడు మరి. కింద మూలలో తువ్వాలు తాత స్పీకరు వైపు చెవి పెట్టి విన్నాడు. విని తల అడ్డంగా ఆడించి, భుజం మీద తువ్వాలు సరిచేసుకుని కూర్చున్నాడు. చెప్పింది చెప్పినట్టు పాటిస్తున్నాడు పాపం. రింగులో ఐసువాడు ఆ అరుపులు విని రెచ్చిపోయి ఇంకా గట్టిగా కొట్టాడు.

నేను నిచ్చెన మీదినుంచి దూకినంత పని చేశాను. జనంలోకి దూరి తోసుకుంటూ పోయాను. ఎవడూ జరగడు. ఒక లావుపాటి మనిషి అడ్డుగా నిలబడి నా మొహమ్మీద మోచేత్తో ఒక్కటిచ్చాడు. ముందుపన్ను విరిగి నాలిక మీద పడింది. దాన్ని ఉమ్మేసి వాడి చొక్కా పట్టుకుని పీకాను. వాడు నా జుట్టు పట్టుకున్నాడు. మేం అలా కలబడి ఉండగా, తల మీదున్న స్పీకర్లో చప్పుడు ఆగిపోయింది. మాస్టారు మాట్లాడటం మానేశాడు. ఆయన మైకు పట్టాక అలాంటి నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మాట కోసం వెతుక్కుంటున్నాడని నాకు తెలుసు. జీవితమంతా మాటల్ని అలంకరించినవాడికి వట్టి మాట ఒక్కటి దొరకడం లేదు. ఆ వెతుకులాటలోనే కుర్రాడికి ఇంకా ఎన్ని దెబ్బలు పడ్డాయో.

తర్వాత గొంతు వినపడింది. అరుపు లేదు. తరగతిలో హాజరు పిలిచే గొంతు.

"తాళ్ళ దగ్గరున్నతను నా భార్య తమ్ముడు. ఇళ్ళకు సున్నాలు వేస్తాడు. అతని చెవిలోంచి నెత్తురు వస్తోంది. చెయ్యి తాడులో ఇరుక్కుంది, అందుకే కింద పడటం లేదు. అతనికి స్పృహ లేదు. తాతా, తువ్వాలు వెయ్యి."

గోదాములో చప్పట్లు తెగిపోయాయి. నా జుట్టు పట్టుకున్న లావుపాటి మనిషి చెయ్యి వదిలేశాడు. "సున్నాలు వేసే అబ్బాయా? మా వంటిల్లు వేసింది అతనే" అన్నాడు నాతో, ఏదో బంధువు సంగతి తెలిసినట్టు. ఆ నిశ్శబ్దంలో ఆఖరి దెబ్బ చప్పుడు అందరికీ వినపడింది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు వినపడింది. అప్పుడు తువ్వాలు పడింది.

నేను రాసిన బ్యానరు గుడ్డలోనే కుర్రాణ్ణి ఎత్తుకెళ్ళాం. ఆస్పత్రిలో డాక్టరమ్మ టార్చి వేసి కళ్ళు చూసింది, లోపలికి తీసుకెళ్ళింది. ఎండ తగ్గకముందే బయటికి వచ్చి, లేడని చెప్పింది. ఇంకాస్త ముందు ఆగి ఉంటే ఏమోనండి, అని కూడా అంది. అది చెప్పకుండా ఉండాల్సింది. మాస్టారు ఆ మాట విని గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. ప్రొప్రయిటరు వరండాలోకి వచ్చి ఓదార్పుగా వంగి, "జరిగిందేదో జరిగింది. కానీ మాస్టారూ, చివర్లో ఆ చల్లటి మాటలేంటండీ? జనం నీరుగారిపోయారు" అన్నాడు. ఈసారి నేను కొట్టాలనిపించడంతో ఆగలేదు. పిడికిలి బిగించి వాడి ముక్కుమీద కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. కాంపౌండర్లు వచ్చి నన్ను లాగేదాకా కొట్టాను. నాకు ఇప్పటికీ దాని గురించి విచారం లేదు.

"నువ్వు కూడా రావయ్యా. నేనొక్కణ్ణే ఆ మెట్లెక్కలేను" అన్నాడు మాస్టారు. ఇద్దరం వెళ్ళాం. మేడమీద కిటికీలోంచి తాలింపు వాసన వస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడే చోటే. నేను ఒక మెట్టు కింద ఉన్నాను.

"చచ్చిపోయాడు" అన్నాడు.

వంటింట్లోంచి ఆవిడ గొంతు. "సరేలెండి. ఆ శవాన్ని కాళ్ళు కడుక్కుని రమ్మనండి. అన్నం వడ్డించేస్తున్నా."

మాస్టారు కదల్లేదు. పళ్ళెం కింద పెట్టిన చప్పుడయింది. ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. మొగుడి మొహం చూసింది. వెనక నా పగిలిన మూతి చూసింది. అయినా మెట్ల వైపు వంగి, "ఒరేయ్, చాలించి రారా. చల్లారిపోతోంది" అని కేకేసింది.

"కింద లేడే" అన్నాడు మాస్టారు. "చెవి వెనక దెబ్బలు తగిలాయి. ఆస్పత్రిలో చనిపోయాడు. అక్కడే ఉంచారు."

ఆవిడ మమ్మల్ని తోసుకుని మెట్లు దిగింది. మెట్లకింద సైకిలు బయటికి లాగింది. దాని వెనకున్న సున్నం బకెట్లు పక్కకు జరిపింది, బ్రష్షులు తీసి చూసింది, మనిషి పట్టని మూలలో కూడా చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు పైకి చూసింది.

"ఎక్కువ చేసి చెప్తున్నారు కదూ?" అంది. "మీకు అలవాటేగా. కొంచెం దెబ్బలు తగిలి ఉంటాయి. మీరు ఎక్కువ చేసి చెప్తున్నారు. ఏవండీ, ఒక్కసారి అవునని చెప్పండి."

మాస్టారు నోరు తెరిచాడు. ఆ మాట కోసం ఆవిడ ఆశగా చూస్తోంది.

"లేదే" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టే చెప్పాను."